జెనెవీవ్ న్నాజి గురించి మన వేదికలో ఎవరికైనా తెలుసా?

వెండితెర_వీరాభిమాని:
ఇక్కడ కొరియన్ సినిమాలకు థ్రెడ్ ఉంది, ఇరానియన్ సినిమాలకు ఉంది, మలయాళం థ్రెడ్లకైతే లెక్కే లేదు. ఆఫ్రికా సినిమాకు మాత్రం ఒక్కటీ కనపడలేదు. సరే, నేనే మొదలుపెడుతున్నా.

నెట్‌ఫ్లిక్స్‌లో ‘లయన్‌హార్ట్’ చూశాను. నైజీరియాలో ఎనుగు అనే ఊరు, అక్కడ ఒక బస్సుల కంపెనీ. యజమాని ఆరోగ్యం దెబ్బతింటుంది. కూతురు అదయేజ్‌కి వ్యాపారం అంతా కొట్టిన పిండి, పగ్గాలు తనకే ఇస్తాడని అందరూ అనుకుంటారు. ఆయన తన తమ్ముణ్ణి తెచ్చి కూర్చోబెడతాడు. పైగా బ్యాంకు అప్పు, తీర్చడానికి గడువు, కంపెనీని మింగేద్దామని చూసే పోటీదారు. కథ మనం చూడనిది కాదు. కానీ బాబాయి వచ్చాడు కాబట్టి విలన్ అయిపోతాడేమో అనుకున్నా, అవ్వలేదు. ఆ అమ్మాయీ బాబాయీ కలిసి తిరిగే సీన్లు నాకు తెగ నచ్చాయి.

హీరోయిన్ ఎవరా అని చూస్తే దర్శకురాలూ ఆవిడే, రచయితల్లో ఒకరూ ఆవిడే. పేరు జెనెవీవ్ న్నాజి. ఇంకాస్త వెతికితే పాటల ఆల్బం కూడా చేసిందట! తెలిసినవాళ్ళుంటే చెప్పండి.

కరీంనగర్_పోరడు:
నాలీవుడ్ అంటే, గదే నైజీరియా సినిమా అంటే, వాట్సాప్ మీమ్స్‌ల ఇద్దరు పొట్టి పిల్లగాళ్ళు వస్తరు, గవే సినిమాలు కదన్నా? దానికి గింత థ్రెడ్ ఎందుకు?

లేగోస్_బాబాయ్:
పోరడూ, వాళ్ళు పిల్లలు కారయ్యా. ఒసితా ఇహెమే, చినేదు ఇకెడియేజె. ఇద్దరూ ఎదిగిన మనుషులే, అక్కడ పెద్ద కమెడియన్లు. ఆ ఒసితా ఈ జెనెవీవ్‌తో కలిసి ‘ది మిర్రర్ బాయ్’ (2011) అనే సినిమాలో ఉన్నాడు కూడా.

వీరాభిమాని గారూ, మంచి థ్రెడ్ పెట్టారు. 2000 తర్వాత నేను నైజీరియాలోని లేగోస్ నగరంలో, ఇకేజా అనే చోట, ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేశాను. లేగోస్‌లో ఎటు చూసినా ఈవిడ ముఖమే ఉండేది. వీసీడీ కవర్ల మీద, లక్స్ హోర్డింగుల మీద, ఆటోలాంటి పసుపుపచ్చ బండ్ల వెనక స్టిక్కర్ల మీద.

క్లుప్తంగా చెప్తాను. 1979 మే 3న పుట్టింది. సొంత ప్రాంతం ఇమో రాష్ట్రంలోని ఎంబైసే, తూర్పు నైజీరియాలో ఎక్కువగా ఉండే ఇగ్బో జాతి కుటుంబం. పెరిగింది మాత్రం లేగోస్‌లో. ఎనిమిది మంది పిల్లల్లో నాలుగోది. నాన్న ఇంజనీరు, అమ్మ నర్సరీ టీచరు. యాబాలో మెథడిస్ట్ గర్ల్స్ కాలేజీలో చదువు, తర్వాత లేగోస్ యూనివర్సిటీ. ఎనిమిదేళ్ళకే ‘రిపుల్స్’ అనే టీవీ సీరియల్లో కనపడింది. 1998లో 19 ఏళ్ళప్పుడు ‘మోస్ట్ వాంటెడ్’తో సినిమాల్లోకి వచ్చింది. 2002లో ‘షారన్ స్టోన్’ వచ్చేసరికి పెద్ద స్టార్. అందులో మగవాళ్ళను ఆటాడించే అమ్మాయి వేషం. ఫ్యాక్టరీలో మా స్టోర్స్ కుర్రాళ్ళు ఆ క్యాసెట్ ఒకరి దగ్గర్నుంచి ఒకరు లాక్కుని మరీ చూసేవాళ్ళు.

సుజాత_కె:
అసలు నాలీవుడ్ ఎలా నడిచేదో తెలియకపోతే ఈవిడ చేసిన పని అర్థం కాదు. కాబట్టి నాలుగు ముక్కలు.

1992లో కెనెత్ న్నెబూయే అనే వీడియో క్యాసెట్ల వ్యాపారి ‘లివింగ్ ఇన్ బాండేజ్’ తీయించాడు. ఇగ్బో భాషలో, నేరుగా వీహెచ్ఎస్ మీద. థియేటర్ ఊసే లేదు. విపరీతంగా అమ్ముడుపోయింది. అక్కణ్ణుంచి లేగోస్‌లో ఇడుమోటా, అలాబా మార్కెట్లు, తూర్పున ఒనిచా, అబా మార్కెట్లు సినిమా పరిశ్రమకు కేంద్రాలయ్యాయి. స్టూడియోలు కాదండీ, మార్కెట్లు. అంటే ఎలక్ట్రానిక్స్ అమ్మే దుకాణదారుడే పెట్టుబడిదారు, పంపిణీదారు, చాలాసార్లు కథ ఏంటో చెప్పేది కూడా ఆయనే. వీళ్ళని అక్కడ ‘మార్కెటర్లు’ అంటారు. షూటింగ్ వారం, రెండు వారాలు. ఒక కథని పార్ట్ 1, పార్ట్ 2 అని చీల్చి రెండు డిస్కులుగా అమ్మడం. పైరసీ వాడు కాపీ కొట్టి బజార్లో పెట్టేలోపే డబ్బు వెనక్కి రావాలి. అందుకే కవర్ మీద ముఖం ముఖ్యం. జెనెవీవ్ ముఖం ఉంటే డిస్కు కదులుతుంది.

యునెస్కో వాళ్ళు 2009లో బయటపెట్టిన లెక్కల్లో 2006 సంవత్సరానికి భారత్ 1,091 సినిమాలు, నైజీరియా 872, అమెరికా 485. ఆ 872లో దాదాపు అన్నీ ఇలాంటి వీడియో సినిమాలే. నంబర్ చూసి మురిసిపోయేవాళ్ళు ఎక్కువ, అందులో నటీనటులకు ఏం మిగిలిందని అడిగేవాళ్ళు తక్కువ.

ఎడిట్‌రూమ్:
అంటే బయ్యర్ దగ్గరే నెగటివ్, థియేటర్, హీరోయిన్ డేట్లు అన్నీ ఉన్నట్టు. భయంకరంగా ఉంది.

లేగోస్_బాబాయ్:
ఎంత భయంకరమో 2004 చివర్లో తెలిసింది. పారితోషికాలు మరీ పెంచేశారు, డేట్లు సరిగ్గా ఇవ్వడం లేదు అని మార్కెటర్లంతా ఏకమై పెద్ద స్టార్ల మీద ఏడాది నిషేధం పెట్టారు. జెనెవీవ్, ఒమోటోలా జలాడే ఎకైండే, రామ్సే నోవా, రిచర్డ్ మోఫె డామిజో, స్టెల్లా డమాసస్, ఇంకొందరు. వీళ్ళను పెట్టి ఎవరూ సినిమా తీయకూడదు. తీస్తే మార్కెట్‌లో అమ్మనివ్వరు. అంతే!

ఇడుమోటా వెళ్తే కొత్త డిస్కుల మీద కొత్త ముఖాలు. పాత స్టాకు మీద మాత్రం ఈవిడ ముఖం అలాగే. నిషేధించినవాళ్ళే పాత డిస్కులు అమ్ముకుంటున్నారు, అదీ తమాషా.

గోదావరి_గట్టు:
మనకు తెలియని విషయమా ఇది? జమున గారిని ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ పక్కన పెట్టలేదూ? ‘గుండమ్మ కథ’ (1962) దాకా వాళ్ళతో సినిమాల్లేవు. ఆవిడ తల వంచలేదు, మిగతా హీరోలతో చేసుకుంటూ పోయింది. ఇక నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు అంటే మన భానుమతి గారి తర్వాతే ఎవరైనా. 1953లోనే ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీశారు. భరణీ స్టూడియో ఆవిడది. ఈ జెనెవీవ్ చేసింది గొప్పే కానీ మనకు 65 ఏళ్ళు ఆలస్యం.

సుజాత_కె:
గోదావరి గారూ, భానుమతి గారంటే నాకూ ప్రాణమే. కానీ ప్రతి థ్రెడ్‌లో ‘మనవాళ్ళు ముందే చేశారు’ అని ముద్ర వేసి మూసేస్తే ఎదుటివాళ్ళ కథ వినేదెప్పుడు? భానుమతి గారికి స్టూడియో వ్యవస్థ ఉంది, భర్త రామకృష్ణ గారు పక్కన ఉన్నారు, థియేటర్లున్నాయి. జెనెవీవ్ చేతిలో అవేమీ లేవు. జమున గారికైనా వేరే హీరోలు ఉన్నారు. ఇక్కడ అమ్మే దుకాణమే మూసేశారు. ఆ తేడా చూడండి.

మోడరేటర్:
భానుమతి గారి మీద ప్రత్యేక థ్రెడ్ ఉంది, అభిమానులు అక్కడ కొనసాగించండి. ఇక్కడ న్నాజి గురించే.

పాత_క్యాసెట్:
నేను పాటల మనిషిని కాబట్టి ఆల్బం సంగతి అడుగుతా. నిషేధం పెట్టారు కాబట్టి పొట్టకూటికి పాటలు పాడిందా?

లేగోస్_బాబాయ్:
అలా ముడిపెట్టేవాళ్ళున్నారు కానీ కుదరదు. ఘనా దేశానికి చెందిన ఈకేబీ రికార్డ్స్‌తో ఒప్పందం చేసుకుని ‘వన్ లొగొలొగొ లైన్’ ఆల్బం చేసింది 2004లోనే. లక్స్ ఒప్పందమూ ఆ ఏడాదే. అంటే మార్కెటర్లు తలుపు మూసేటప్పటికే ఆవిడ వేరే తలుపులు తట్టి ఉంది. నా ఉద్దేశం, వాళ్ళ కోపానికి అది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు. సబ్బు కంపెనీ నుంచి డబ్బు వస్తుంటే మార్కెటర్ చెప్పిన రేటుకు ఎందుకు ఒప్పుకుంటుంది?

పాత_క్యాసెట్:
సరే బాబాయ్ గారూ, విన్నాను. కొంచెం కటువుగానే చెప్తా, ఆవిడ అభిమానులు తిట్టుకోవద్దు. గొంతు మంచిదే, శ్రుతి తప్పదు. ఆర్ అండ్ బి, హిప్‌హాప్ కలిపిన ధోరణి. కానీ అమెరికా రేడియోలో ఎప్పుడో విన్నట్టే ఉంటుంది, లేగోస్ వాసన తక్కువ.

కాలం కూడా కలిసిరాలేదు. అదే 2004లో టూఫేస్ ఇడిబియా ‘ఆఫ్రికన్ క్వీన్’ పాటతో వచ్చాడు. ఓజేబీ జెజ్రీల్ చేతిలో తయారైన పాట. 2005 ఫిబ్రవరిలో ఎంటీవీ బేస్ ఆఫ్రికా చానల్ మొదలైనప్పుడు మొట్టమొదట వేసిన వీడియో అదే. నైజీరియా పాప్ తన గొంతు తాను కనుక్కుంటున్న రోజులవి. ఆ వరదలో స్టార్ హీరోయిన్ ఆల్బం ఒక సరదాగా మిగిలిపోయింది. రెండోది రాలేదు.

డల్లాస్_ప్రసాద్:
మా ఆఫీసులో నైజీరియన్లు చాలామంది. లంచ్ టేబుల్ దగ్గర ఈవిడ పేరెత్తితే పెద్ద గొడవే. సగం మంది జెనెవీవ్ వర్గం, సగం మంది ఒమోటోలా వర్గం. మన దగ్గర హీరోల ఫ్యాన్స్ కొట్టుకున్నట్టే. ఒమోటోలా కూడా పాడింది కదా? మరి ఆవిడ గొప్పా, ఈవిడ గొప్పా?

లేగోస్_బాబాయ్:
ప్రసాద్ గారూ, ఆ గొడవ నన్ను లేగోస్ నుంచి ఇక్కడిదాకా వెంటాడిందన్నమాట :)

ఒమోటోలా ఆల్బం ‘గ్బా’ 2005లో వచ్చింది. ఆవిడ కొంచెం సీనియర్, 1995లో ‘వెనమ్ ఆఫ్ జస్టిస్’తో మొదలు. తర్వాత ‘మోర్టల్ ఇన్‌హెరిటెన్స్’లో సికిల్ సెల్ జబ్బు ఉన్న అమ్మాయిగా చేసి పేరు తెచ్చుకుంది. పైలట్‌ను పెళ్ళి చేసుకుంది. విమానంలో, గాల్లో ఉండగా పెళ్ళి వేడుక! సొంత రియాలిటీ షో, 2013లో టైమ్ పత్రిక వంద మంది జాబితా. అభిమానులతో, కెమెరాతో ఎప్పుడూ కలివిడిగా ఉంటుంది. జెనెవీవ్ అలా కాదు. ఇంటర్వ్యూలు తక్కువ, సొంత విషయాలు అసలు మాట్లాడదు. 2009లో ఓప్రా షోలో ‘ఆఫ్రికా జూలియా రాబర్ట్స్’ అని పరిచయం చేశారు. అలాంటి బిరుదులు ఆవిడే పట్టుకు తిరగడం నేనైతే చూడలేదు.

సుజాత_కె:
ఆ బిరుదు నాకు చిరాకు. ఆఫ్రికా అంటే ఒక ఊరా? అయినా వాళ్ళ దేశంలో కోట్లమంది ముఖం చూసి గుర్తుపట్టే మనిషికి హాలీవుడ్ పేరు తగిలిస్తేనే విలువా?

అన్నట్టు ఈ ఇద్దరినీ కలిపి చూడాలంటే ‘ఇజే’ (2010) చూడండి. అక్క ఒమోటోలా లాస్ ఏంజెలెస్‌లో హత్య కేసులో ఇరుక్కుంటుంది, చెల్లెలు జెనెవీవ్ ఆమెను విడిపించడానికి నైజీరియా నుంచి వెళ్తుంది. దర్శకురాలు చినేజే అన్యాయేనె, సినిమా చదువు పూర్తిచేసి తీసిన మొదటి సినిమా. ఇది డిస్కుల మార్కెట్‌ను నమ్ముకోకుండా థియేటర్లో బాగా ఆడింది. ఆ దర్శకురాలి పేరు గుర్తుపెట్టుకోండి, ఆస్కార్ దగ్గర మళ్ళీ వస్తుంది.

ఎడిట్‌రూమ్:
నాకు ఆసక్తి నిర్మాణం వైపు. నిషేధం తర్వాత ఏం జరిగింది? ఎప్పుడు నిర్మాత అయింది?

లేగోస్_బాబాయ్:
నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు. స్టార్లు లేకుండా డిస్కులు కదలాలి కదా. 2005లో ఆఫ్రికా మూవీ అకాడమీ అవార్డులు మొదలయ్యాయి, తొలి ఉత్తమ నటి జెనెవీవే. వెలి వేసిన ఏడాదిలోనే కిరీటం! తర్వాత మళ్ళీ వరసగా సినిమాలు. 2008లో ‘సెయింట్ జెనెవీవ్’ పేరుతో బట్టల బ్రాండ్. 2011లో ప్రభుత్వ పురస్కారం. ‘హాఫ్ ఆఫ్ ఎ ఎల్లో సన్’ (2013)లో మిస్ అడెబాయోగా చిన్న వేషం.

కానీ గమనించండి, 2010 తర్వాత ఏడాదికి ఒకటో రెండో. అంతకుముందు లెక్క పెట్టలేనన్ని చేసిన మనిషి. నిర్మాతగా మొదటిది ‘రోడ్ టు యెస్టర్‌డే’, 2015. ‘ది ఎంటర్‌టైన్‌మెంట్ నెట్‌వర్క్’ అని సొంత సంస్థ పెట్టింది. దర్శకుడు ఇషాయా బాకో. విడిపోయేలా ఉన్న భార్యాభర్తలు బంధువు అంత్యక్రియలకు కారులో వెళ్తారు, సినిమా అంతా ఆ ప్రయాణమే. నాలాంటి వాళ్ళకు కొంచెం నెమ్మదే. మా ఆవిడకు మాత్రం చాలా నచ్చింది.

ఎడిట్‌రూమ్:
కారులో ఇద్దరు మనుషులు. ఖర్చు అదుపులో పెట్టుకుని మొదటి సినిమా తీసే నిర్మాత సరిగ్గా ఎంచుకునే కథ ఇది. తెలివైన మనిషే.

రెండో సినిమాకే దర్శకత్వం కూడా నెత్తిన వేసుకుందంటే మాత్రం ధైర్యం కావాలి. మా దగ్గర నటులు దర్శకత్వం చేస్తే మొదట చెడేది వాళ్ళ నటనే. మానిటర్ చూసి పరిగెత్తుకొచ్చి మళ్ళీ ఫ్రేములో నిలబడి... ‘లయన్‌హార్ట్’లో ఆ తడబాటు కనపడదు. ఆవిడ చేసిన పని ఏంటంటే, సీన్‌ను ఎదుటివాళ్ళకు వదిలేసింది. పీట్ ఎడోచీ తండ్రిగా, న్కెమ్ ఓవో బాబాయిగా నటిస్తుంటే తను పక్కన నిలబడి వింటుంది. స్టార్ హీరోయిన్ తన సొంత సినిమాలో అలా వినడం తేలిక కాదు.

వెండితెర_వీరాభిమాని:
ఆ తల్లి వేషం వేసినావిడ ఎవరు? ఎంత హుందాగా ఉందో.

సుజాత_కె:
ఓన్యెకా ఓన్వేను. ఆవిడ అసలు గాయని, 1980ల్లో నైజీరియాలో ఇంటింటికీ తెలిసిన గొంతు. అంతకుముందు జర్నలిస్టు. 1984లో నైజీరియా చమురు డబ్బు ఎలా తగలబడిందో చూపించిన బీబీసీ డాక్యుమెంటరీ చేసింది ఆవిడే. 2024 జులైలో లేగోస్‌లో ఒక పుట్టినరోజు వేడుకలో పాడిన కాసేపటికే కుప్పకూలి చనిపోయారు. నటి, గాయని అనే మాట జెనెవీవ్ కన్నా ఆవిడకే బాగా నప్పుతుంది, నా మట్టుకు.

అసలు ఆ సినిమాలో ఎవరెవర్ని పెట్టిందో చూస్తే ముచ్చటేస్తుంది. విలన్‌గా కనాయో ఓ కనాయో, ఆయన 1992 ‘లివింగ్ ఇన్ బాండేజ్’లో ఉన్నాడు. న్కెమ్ ఓవో ఆవిడతో పాటు 2004లో నిషేధం ఎదుర్కొన్నవాడే. తమ్ముడి వేషంలో ఫినో, ఇగ్బోలో ర్యాప్ చేసే గాయకుడు. క్యాసెట్ కాలం వాళ్ళందర్నీ పోగేసి నెట్‌ఫ్లిక్స్‌కి ఎక్కించింది.

కరీంనగర్_పోరడు:
సుజాతక్కా, గిది బాగుంది. ఇప్పుడు చూస్త. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు ఎంతిచ్చిన్రంట?

సుజాత_కె:
ఆ అంకె మీద పుకార్లే తప్ప వాళ్ళెవరూ చెప్పలేదు, వదిలేయ్. 2018 సెప్టెంబర్‌లో టొరంటో ఫెస్టివల్‌లో మొదటి ప్రదర్శన, సరిగ్గా అప్పుడే నెట్‌ఫ్లిక్స్ ప్రపంచ హక్కులు కొన్నది. నైజీరియా నుంచి వాళ్ళు తీసుకున్న మొదటి ఒరిజినల్ అదే. 2019 జనవరిలో స్ట్రీమింగ్. అదే టొరంటోలో ఆవిడ నటించిన ‘ఫార్మింగ్’ అనే ఇంకో సినిమా కూడా ఉంది.

డబ్బు కన్నా పెద్ద విషయం ఇంకోటి. 20 కోట్ల జనాభా ఉన్న దేశంలో థియేటర్ తెరలు వందల్లోనే. 2004లో ఆవిడ సినిమా జనానికి చేరాలంటే అలాబా మార్కెటర్ దయ కావాలి. 2018కి ఆవిడ ఆ మెట్లన్నీ దాటి నేరుగా అమ్ముకుంది. నాకు ఈవిడ కెరీర్‌లో అసలు కథ ఇదే అనిపిస్తుంది. నటన, పాట, సబ్బు ప్రకటన, బట్టలు... అన్నీ ఒకే వెతుకులాట. ఇంకొకడి దుకాణం మీద ఆధారపడకుండా బతకడం ఎలా అని.

ఎడిట్‌రూమ్:
ఒక చిన్న పేచీ. మార్కెటర్ పోయాడు, నెట్‌ఫ్లిక్స్ వచ్చింది. దుకాణం పెద్దదైంది, యజమాని ఇంకా దూరంలో కూర్చున్నాడు. ప్రపంచ హక్కులు ఒకేసారి అమ్మేస్తే తర్వాత సినిమా ఎంత ఆడినా నిర్మాతకు పైసా రాదు. ఓటీటీ వాళ్ళతో ఇక్కడ చిన్న నిర్మాతలు పడుతున్న పాట్లు చూస్తున్నా కదా. ఏ ఏడు కొంటారో, ఏ ఏడు కొనడం ఆపేస్తారో వాళ్ళకే తెలీదు.

సుజాత_కె:
ఒప్పుకుంటా. కానీ ఆ దుకాణం కనీసం ఆవిడను నిషేధించలేదు :)

డల్లాస్_ప్రసాద్:
ఆస్కార్ గొడవ ఎవరైనా రాయండి. మా ఆఫీసులో ఒమోటోలా వర్గం కూడా ఆ రోజు జెనెవీవ్ వైపే నిలబడింది.

సుజాత_కె:
నైజీరియా తన చరిత్రలో మొదటిసారి ఆస్కార్‌కి సినిమా పంపింది 2019లో, అది ‘లయన్‌హార్ట్’. పంపిన కమిటీ అధ్యక్షురాలు ఎవరో తెలుసా? ‘ఇజే’ తీసిన చినేజే అన్యాయేనె. ఆ ఏడాదే అకాడమీ ఆ విభాగం పేరును ‘విదేశీ భాషా చిత్రం’ నుంచి ‘అంతర్జాతీయ చిత్రం’గా మార్చింది. పేరు మారింది, నియమం మారలేదు. సగానికి పైగా మాటలు ఇంగ్లీషు కాని భాషలో ఉండాలి. సినిమా సుమారు 95 నిమిషాలు, అందులో ఇగ్బో మాటలు దాదాపు 11 నిమిషాలు. నవంబర్‌లో అనర్హం అని తీసేశారు.

అమెరికా దర్శకురాలు ఏవా డువర్నే బహిరంగంగానే నిలదీసింది, నైజీరియా అధికార భాష ఇంగ్లీషే కదా, మరి ఆ దేశం తన అధికార భాషలో ఎప్పటికీ పోటీ చేయకూడదా అని. జెనెవీవ్ ట్విట్టర్‌లో ఇచ్చిన జవాబు నాకు ఇష్టం. నైజీరియన్లం మేం మాట్లాడుకునే తీరే ఈ సినిమా, అయిదు వందలకు పైగా భాషల మధ్య ఇంగ్లీషే మాకు వంతెన, మమ్మల్ని ఎవరు వలస దేశంగా చేసి పాలించాలో మేం ఎంచుకోలేదు కదా అనే అర్థంలో రాసింది.

గోదావరి_గట్టు:
నియమం ముందే రాసి ఉంది కదమ్మా. చదువుకోకుండా పంపడం కమిటీ తప్పు. మన దగ్గరా ఇంగ్లీషులో తీసిన భారతీయ సినిమాలున్నాయి, వాటిని ఈ విభాగానికి పంపరు. నియమం అందరికీ ఒకటే.

పాత_క్యాసెట్:
గోదావరి గారితో నేనూ కలుస్తా. ఆ నియమం వల్ల దెబ్బతిన్నది నైజీరియా ఒక్కటే కాదు. ఇజ్రాయెల్ ‘ది బ్యాండ్స్ విజిట్’ 2007లో ఇంగ్లీషు ఎక్కువైందనే పోయింది. ‘లయన్‌హార్ట్’ తర్వాత కొద్ది రోజులకే ఆస్ట్రియా పంపిన ‘జాయ్’ని కూడా తీసేశారు. తమాషా ఏంటంటే ‘జాయ్’ వియన్నాలో ఉన్న నైజీరియన్ ఆడవాళ్ళ కథే.

సుజాత_కె:
నియమం అందరికీ ఒకటే, సరే. కానీ దాని బరువు అందరి మీదా ఒకేలా పడుతుందా? ఆస్ట్రియాకు జర్మన్ ఉంది, వచ్చే ఏడు అందులో పంపుకుంటారు. మనకూ హిందీ, తమిళం, గుజరాతీ ఏదో ఒకటి దొరుకుతుంది. ఎనుగు ఆఫీసులో ఒక ఇగ్బో అమ్మాయి ఉత్తరాన కానో నుంచి వచ్చిన, హౌసా అనే వేరే భాష మాట్లాడే వ్యాపారితో బేరం ఆడాలంటే నిజ జీవితంలో ఏ భాష మాట్లాడుతుంది? ఇంగ్లీషే. ఆస్కార్ కోసం అబద్ధం రాయాలా?

కమిటీ మీద మీ విమర్శ మాత్రం సరైనదే. 2020లో వాళ్ళు హౌసా భాషలో తీసిన ‘ది మిల్క్‌మెయిడ్’ పంపారు. పాఠం నేర్చుకున్నారు.

లేగోస్_బాబాయ్:
కానో మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ముక్క, మోడరేటర్ గారు క్షమించాలి. పని మీద కానో వెళ్తే అక్కడి హౌసా వాళ్ళు నాతో హిందీ పాటలు పాడించేవాళ్ళు. 1950ల నుంచే లెబనాన్ వ్యాపారులు హిందీ సినిమాలు అక్కడికి తెచ్చి ఆడించారు. తెలుగు సినిమా అని వేరే ఒకటుందని వాళ్ళకు నమ్మకం కలిగించలేక నేను చేతులెత్తేశాను. దక్షిణాన ఇగ్బో, యోరుబా వాళ్ళకు ఈ మోజు అంతగా లేదు. అందుకే ‘లయన్‌హార్ట్’లో ఎనుగు అమ్మాయి, కానో అల్‌హాజీ (హజ్ చేసిన ముస్లిం పెద్దమనిషిని అలా పిలుస్తారు) ఒకచోట కూర్చుని చేతులు కలిపే సీను అక్కడివాళ్ళకు బస్సుల వ్యాపారం కన్నా పెద్ద విషయం. నైజీరియా నుంచి విడిపోవాలని ఇగ్బోలు చేసిన బయాఫ్రా యుద్ధం (1967–70) చూసిన తూర్పు ప్రాంతం అది. సినిమా ఆ మాట ఎక్కడా ఎత్తదు, ఆవిడ కావాలనే ఎత్తలేదనుకుంటా.

వెండితెర_వీరాభిమాని:
ఈ కోణం నాకు అసలు తట్టలేదు బాబాయ్ గారూ! నేను బస్సుల కంపెనీ కథగానే చూశాను. మళ్ళీ చూడాలి.

ఇంతకీ ‘లయన్‌హార్ట్’ తర్వాత దర్శకురాలిగా ఇంకోటి చేయలేదా?

డల్లాస్_ప్రసాద్:
మా ఆఫీసు వాళ్ళ ఫిర్యాదు అదే. ఇన్‌స్టాలో పాత ఫొటోలన్నీ తీసేసింది, బయట కనపడటం బాగా తగ్గించింది అని గోల. ఒకాయన ‘మా జెనెవీవ్ మమ్మల్ని వదిలేసింది’ అంటాడు.

సుజాత_కె:
చిన్నప్పటి నుంచి కెమెరా ముందు ఉన్న మనిషి. నచ్చినప్పుడు తీస్తుంది, లేదంటే మానేస్తుంది. ప్రతి ఏడూ హాజరు వేయించుకోవాలా?

ఎడిట్‌రూమ్:
నటిగా అయితే మీరన్నది సరే. దర్శకురాలిగా మాత్రం నష్టమే సుజాత గారూ. మొదటి సినిమాలో అంత నిబ్బరం చూపించినవాళ్ళు రెండో సినిమాలో ఎటు వెళ్తారో చూడాలని నాకుంది. స్వార్థమే అనుకోండి.

గోదావరి_గట్టు:
సరే, పోట్లాట చాలు. చూడాలంటే ఏ వరసలో చూడాలో చెప్పండి బాబాయ్ గారూ. పాత డిస్కుల క్వాలిటీ నా కళ్ళకు పడదు.

లేగోస్_బాబాయ్:
ముందు ‘లయన్‌హార్ట్’. తర్వాత ‘ఇజే’, ఇద్దరు స్టార్లూ ఉన్నారు కాబట్టి ప్రసాద్ గారి ఆఫీసులో ఎవరూ కోప్పడరు. ‘హాఫ్ ఆఫ్ ఎ ఎల్లో సన్’లో ఈవిడ వేషం చిన్నదే కానీ ఓన్యెకా ఓన్వేను హీరో తల్లిగా చితక్కొట్టింది, దానికోసం చూడొచ్చు. పాత వీడియో కాలం రుచి తెలియాలంటే ‘షారన్ స్టోన్’. పార్ట్ 1 చూసి ఆపేయకండి, కథ పార్ట్ 2లో ఉంటుంది. సౌండ్ ఒకచోట హోరున పెరిగి ఇంకోచోట వినపడదు, పక్కన జనరేటర్ మోత కూడా వస్తుంది. రిమోట్ చేతిలోనే ఉంచుకోండి.

కరీంనగర్_పోరడు:
‘లయన్‌హార్ట్’ సగం అయింది. బాబాయి క్యారెక్టర్ మస్తున్నడు. మా పెద్దనాన్న గుర్తొచ్చిండు. మిగతాది రేపు చూసి చెప్త. ఆ అల్‌హాజీ సీను ఇంకా రాలే, స్పాయిలర్ ఇచ్చినందుకు బాబాయ్‌కి మోడరేటర్ వార్నింగ్ ఇయ్యాలె.

మోడరేటర్:
వార్నింగ్ ఇచ్చాం. బాబాయ్ గారూ, ఇకనుంచి స్పాయిలర్ ట్యాగ్ పెట్టండి. థ్రెడ్‌ను ‘ప్రపంచ సినిమా’ విభాగంలోకి మారుస్తున్నాం.